ఇంటి పద్దు: పొదుపు కట్టినచో పోయిన పరపతి మరలునా?

గడచిన మాసమున మాకు వచ్చిన జాబులలో నొకదానిని చదివి మేము కొంతసేపు మాటలాడలేకపోతిమి. వ్రాసినవారు గోదావరి తీరమున నొక చిన్న పట్టణమునందు కాపురముండు గృహిణి. పేరు ప్రకటింపవలదని కోరినారు గనుక ప్రకటింపము. నాలుగేండ్ల క్రిందట భర్తగారు తెచ్చిన అప్పు పత్రముపై తానును తోడు బాకీదారుగా సంతకము చేసినారట. ఆ మీదట భర్తగారికి జబ్బుచేసి అయిదు వాయిదాలు తప్పినవి. అప్పిచ్చిన సంస్థవారు కబురుచేసి, బాకీలో కొంత తగ్గించి, మిగిలినది ఒక్క మొత్తముగా పుచ్చుకొని, "ఇంతటితో సరి" యనిరి. వీరును అప్పు తీఱినదని నెమ్మది పొందిరి.

ఈ యేడు పెద్దమ్మాయికి నర్సింగు కళాశాలలో సీటు వచ్చినది. చదువుకై అప్పు కోరి తల్లియు కూతురును బ్యాంకునకు పోగా, మేనేజరుగారు కాగితములు చూచి, కంప్యూటరు వంక చూచి, "అమ్మా, మీ సిబిల్ స్కోరు చాలదు" అని త్రిప్పి పంపినారు. ఆ మాటకు అర్థమేమో తెలియక, బిడ్డ యెదుట అడుగుటకు మొగము చెల్లక, ఆమె యింటికి వచ్చినారు. ఇంతలో పొరుగింటి కుఱ్ఱవాడు, "పిన్నిగారూ, ఫోనులో ఒక యాప్ ఉన్నది. నెలకు వెయ్యి రూపాయలు పొదుపు కట్టండి. ఏడాది తిరుగుసరికి స్కోరు దానంతట అదే పెరుగుతుంది" అని చెప్పినాడట. పప్పుడబ్బాలో దాచిన 12,000 రూపాయలు ఆమె చేత నున్నవి. "ఆ సొమ్ము అందులో కట్టవచ్చునా, కట్టినచో అమ్మాయి చదువునకు అప్పు పుట్టునా?" అని అడిగినారు.

సోదరీమణులారా! ఇది యొక్కరి ప్రశ్న కాదు. ఇటీవల ఇట్టి జాబులు మాకు తఱచుగా వచ్చుచున్నవి. కావున ఈ నెల మన శీర్షికను ఈ విషయమునకే కేటాయించితిమి.

మొదట పరపతి యన నేమో తెలిసికొందము. పూర్వము మన పెద్దలకు పరపతి యన్నది వీధి మొగదలనున్న కోమటి కొట్టులో నుండెడిది. "ఆ యింటివారు మాట తప్పరు, పంట రాగానే బాకీ తీర్తురు" అని షావుకారుకు తెలియును. ఆ తెలివియే వారికి జామీను. అతని ఖాతాపుస్తకములో మన మంచియు చెడ్డయు వ్రాసియుండెడివి. ఊరు విడిచినచో ఆ పరపతియు ఊరిలోనే నిలిచిపోయెడిది. నేటి బ్యాంకు మేనేజరునకు మన గుమ్మమెటులుండునో తెలియదు, మన అత్తమామల పేరు తెలియదు. అతనికి కావలసిన దొక యంకె. ఆ యంకెను కట్టి యిచ్చు సంస్థలలో మొదటిదైన సిబిల్ మన దేశమున 2000 సంవత్సరమున ఏర్పడినది. ఇట్టి సంస్థల పనిని క్రమపఱచుటకై 2005లో పార్లమెంటు ఒక చట్టమును చేసినది. నేడు సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అను నాలుగు సంస్థలు కలవు. సిబిల్ వా రిచ్చు స్కోరు 300 మొదలు 900 వఱకు నుండును. 750కి పైనున్నచో మంచిదని బ్యాంకులు సాధారణముగా తలచును.

ఈ సంస్థలకు మనలను గూర్చి సమాచార మిచ్చువారెవరు? మనకు అప్పిచ్చిన బ్యాంకులును ఫైనాన్సు కంపెనీలును. ఎంత అప్పు తీసికొంటిమి, ఏ నెల వాయిదా ఏనాడు కట్టితిమి, ఎన్ని దినములు ఆలస్యమైనది, ఇవియే వారు పంపు వార్తలు. 2025 జనవరి నుండి ఈ వార్తలు పదునైదు దినముల కొకమాఱు పోవలెనని రిజర్వు బ్యాంకు నియమించినది. మనము హామీ సంతకము చేసిన యితరుల అప్పును మన చిట్టాలో కనబడును. సంతకము చేయునప్పుడు "ఊరకే పేరుకు" అని చెప్పుదురు గాని, చిట్టాకు ఊరకే యనునది తెలియదు.

ఇక్కడ నొక ముఖ్యమైన మాట గలదు. మన సోదరీమణులలో ననేకులు దీనిని గుర్తింపకయే మోసపోవుచున్నారు. పొదుపు వేఱు, పరపతి వేఱు. పోస్టాఫీసులో నెలనెలా రికరింగు డిపాజిటు కట్టినను, బంగారపు కొట్టులో పదునొకండు నెలలు సొమ్ము కట్టినను, ఇరుగుపొరుగువారితో చీటీపాట ఇరువది నెలలు ఒక్క వాయిదా తప్పక నడిపినను, ఆ మంచితనము సిబిల్ చిట్టాకెక్కదు. అప్పు తీసికొని తీర్చినవారి సంగతియే అందుండును. ఎన్నడును అప్పెఱుగక, గంజి త్రాగియైనను పొదుపు చేసిన యిల్లాలికి అందు చరిత్రయే యుండదు. ఇది న్యాయమా యని మీ రడుగవచ్చును. మాకును న్యాయముగా తోచదు. అయినను విషయ మట్లున్నది.

అట్లైనచో, "పొదుపు కట్టినచో స్కోరు పెరుగును" అను పథకము లెట్లు పుట్టినవి? ఇవి అమెరికా దేశమున చిరకాలముగా నున్నవి. అచ్చటి పరపతి సంఘములును చిన్న బ్యాంకులును వీనిని నడుపుచున్నవి. పద్ధతి విచిత్రమైనది. మామూలు అప్పులో సొమ్ము ముందు చేతికి వచ్చును, వాయిదాలు తరువాత. ఈ అప్పులో వాయిదాలు ముందు, సొమ్ము తరువాత. ఒక స్త్రీ 600 డాలర్ల అప్పు కోరినదనుకొనుడు. సంఘమువారు ఆ సొమ్మును ఆమె చేతికీయక, ఆమె పేరనే యొక ఖాతాలో వేసి తాళము వేయుదురు. ఆమె నెలకు 50 డాలర్ల చొప్పున, కొంత వడ్డీ కలిపి, పండ్రెండు నెలలు కట్టవలెను. కట్టిన ప్రతి వాయిదాయు అచ్చటి స్కోరు సంస్థలకు తెలుపబడును. కడపట తాళము తీసి 600 డాలర్లు ఆమె కిత్తురు. అనగా పేరునకు అప్పు, నడకకు పొదుపు. సంఘమువారికి నష్టభయము లేదు, సొమ్ము వారి పెట్టెలోనే యున్నది గదా! ఆమెకు లభించునవి రెండు: ఒక చిన్న నిధి, పండ్రెండు నెలల మంచి చరిత్ర. దానికై ఆమె చెల్లించు వెల ఆ వడ్డీయు రుసుమును.

వినుటకు చాల సొగసుగా నున్నది. మఱి నిజముగా మేలు చేయునా? ఈ ప్రశ్ననే అమెరికా ప్రభుత్వపు వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ యొక పరపతి సంఘపు సభ్యులపై పరీక్షించి, 2020 సంవత్సరమున ఫలితములను ప్రకటించినది. సుమారు 1,500 మంది ఆ పరీక్షలో పాల్గొనిరి. అందు తేలిన సంగతులు మన ఆలోచనకు మిక్కిలి యుపకరించును. అంతకుముందు అప్పులు లేనివారికి ఈ పథకము మేలుచేసినది. వారిలో అసలు స్కోరే లేనివారికి స్కోరు ఏర్పడు అవకాశము నూటికి 24 వంతులు హెచ్చినది. అప్పటికే అప్పులున్నవారితో పోల్చి చూడగా, అప్పులు లేనివారి స్కోరు 60 అంకెలు ఎక్కువగా పెరిగినది. అప్పులున్నవారి స్కోరో, పెరుగుటకు మాఱుగా స్వల్పముగా తగ్గినది! సగటున పొదుపు మాత్రము 253 డాలర్లు పెరిగినది.

ఈ భేదమునకు కారణమేమి? ఇంటి లెక్క తెలిసిన మనకు ఊహించుట కష్టము కాదు. నెలకు వచ్చు సొమ్ములో పాలవాని బాకీయు, అద్దెయు, బండి వాయిదాయు పోగా ఏమియు మిగులని యింటికి మఱియొక వాయిదా తోడైనచో ఏమగును? ఏదో యొకటి తప్పును. కొత్త వాయిదా కట్టబోయి పాత వాయిదా తప్పినచో, కుడిచేత పెట్టినది ఎడమచేత పోయినట్లే. చిల్లికుండలో నీరు పోసినచో నిలుచునా? ముందు చిల్లి పూడ్చవలెను. అప్పులేని యింటిలో కుండకు చిల్లి లేదు గనుక పోసిన నీరు పోసినట్లే నిలిచినది.

ఇక మన దేశము సంగతి. ఇచ్చట ఈ యెత్తుగడకు దగ్గఱగా నుండునది ఫిక్సెడు డిపాజిటుపై నిచ్చు క్రెడిట్ కార్డు. అనేక బ్యాంకులు దీని నిచ్చుచున్నవి. మీరు 15,000 రూపాయలు డిపాజిటు చేసినచో, దానిని తాకట్టుగా నుంచుకొని సుమారు 12,000 రూపాయల పరిమితితో కార్డు నిత్తురు. స్కోరు లేనివారికిని, చెడినవారికిని తఱచుగా ఇది దొరకును. ఏలయనగా బ్యాంకు సొమ్ము ఎక్కడికిని పోదు. డిపాజిటుపై వడ్డీ మీకు వచ్చుచునే యుండును. కార్డుతో కొన్న సరకుల బిల్లు నెలనెలా కట్టుచుండగా, ఆ చరిత్ర సిబిల్ మొదలగు సంస్థలకు చేరును.

దీని లాభనష్టములను అంకెలతో చూతము. 15,000 రూపాయలకు నూటికి 6.5 చొప్పున వడ్డీ యనుకొన్నచో సంవత్సరమునకు 975 రూపాయలు, అనగా నెలకు సుమారు 81 రూపాయలు. కార్డుపై నెలకు వెయ్యి, పండ్రెండు వందలు మించకుండ, కరెంటు బిల్లు మాత్రమే కట్టి, గడువులోపల పూర్తి సొమ్ము చెల్లించినచో వడ్డీ యొక్క పైసయు పడదు. ఏటా కట్టు రుసుము లేని కార్డైనచో ఖర్చు సున్న, లాభము చరిత్ర. ఇది మంచి వైపు. చెడ్డ వైపును చూడుడు. పండుగకు చీరెలు కొని 10,000 రూపాయలు బాకీ పెట్టి, బిల్లుపై వ్రాసిన "కనీస మొత్తము" మాత్రమే కట్టినారనుకొనుడు. నెలకు నూటికి మూడున్నర చొప్పున వడ్డీ 350 రూపాయలు, దానిపై పన్ను నూటికి 18 చొప్పున 63 రూపాయలు, మొత్తము 413. డిపాజిటు సంపాదించునది 81, కార్డు మ్రింగునది 413! ఆపైన మొత్తము తీర్చలేనినాడు బ్యాంకువారు డిపాజిటునే జమకట్టుకొందురు. పొదుపును పోవును, పరపతియు పోవును.

"కనీస మొత్తము" అను మాటను మేము తల్లులందఱకు ప్రత్యేకముగా జ్ఞాపకము చేయుచున్నాము. ఆ మొత్తము కట్టినచో ఆలస్యపు రుసుము తప్పును గాని వడ్డీ తప్పదు. మఱియొక సంగతి. పరిమితిలో మూడవ వంతునకు మించి వాడుచుండుట స్కోరునకు మంచిది కాదు. 12,000 పరిమితిలో 11,500 ప్రతినెలా వాడి ప్రతినెలా తీర్చినను, ఈ యిల్లు అప్పుమీదనే నడచుచున్నదని చూచువారికి తోచును.

ఈ విషయమున మా తెలివితక్కువను గూడ దాచనేల? మేమును ఒకానొక బ్యాంకువారి కార్డును ఇట్లే తీసికొని, చాల జాగ్రత్తగా వాడుచుంటిమి. ఒక సంక్రాంతికి పుట్టింటికి పోయి, పిల్లల సందడిలో 640 రూపాయల బిల్లు మఱచి, పది దినములు దాటిన పిమ్మట కట్టితిమి. ఆలస్యపు రుసుము బిల్లుతో పోటీపడినది. ఆ నెల మా చిట్టాలో నొక మచ్చయు పడినది. గడువు దాటి 3 దినములలోపల కట్టినచో బకాయిగా చూపరాదని రిజర్వు బ్యాంకు నియమము కలదు గాని, పది దినములకు ఏ నియమమును అడ్డుపడదు. నాటి నుండి బిల్లు సొమ్ము మా ఖాతానుండి దానంతట పోవునట్లు ఏర్పాటు చేసికొంటిమి. మీరును కార్డు తీసికొన్న దినముననే ఆ పని చేయుడు.

పొదుపుచే పరపతి సంపాదించుట మన స్త్రీలకు కొత్త విద్య కాదని కూడ ఇచ్చట చెప్పవలసియున్నది. 1992లో నెల్లూరు జిల్లాలో సారాపై తిరుగబడిన గ్రామీణ స్త్రీలు ఆ మిగిలిన కూలిడబ్బును పొదుపు చేయనారంభించిరి. ఆ సంవత్సరముననే నాబార్డు సంస్థ స్వయంసహాయక సంఘములకు బ్యాంకు అప్పు లిప్పించు పథకమును 500 సంఘములతో ప్రయోగముగా మొదలుపెట్టినది. పదిమంది స్త్రీలు వారము వారము కూడి, పొదుపు చేసి, ఆ సొమ్మునే తమలో తాము అప్పుగా నిచ్చుకొని, తీర్చుకొని, పద్దు వ్రాసికొనిరి. కొన్ని నెలల పిమ్మట బ్యాంకువారు ఆ పద్దుపుస్తకమునే జామీనుగా నమ్మిరి. చదువురాని స్త్రీకి, సెంటు భూమిలేని స్త్రీకి, పరపతి యిట్లే పుట్టినది. అందు కిటుకంతయు ఒక్కటే: పొదుపు మాత్రము చాలదు, తీసికొని, తిరిగి తీర్చి చూపవలెను.

అయితే ఆ వెనుక వచ్చిన కష్టమును మఱవరాదు. సూక్ష్మఋణ సంస్థలు ఒక్కొక్క యింటికి మూడు నాలుగు అప్పులు కట్టబెట్టి, వసూలునకై వేధించినందున, 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చినది. ఆ పిమ్మట వాయిదాలు కట్టుట చాల చోట్ల నిలిచిపోయినది. తప్పు అప్పిచ్చినవారిది ఎంతయైనను, కట్టని వాయిదా తీసికొన్నవారి పేరనే మిగిలిపోవును. సంఘపు అప్పులలో ఒక్కొక్క సభ్యురాలి వివరములను గూడ సమాచార సంస్థలకు పంపవలెనని 2016లో రిజర్వు బ్యాంకు ఆదేశించినది. కావున సంఘములో మీ పేర తీసికొన్న అప్పు మీరే వాడినారా, మఱియొకరు వాడినారా యని ఇకమీద తప్పక చూచుకొనవలెను. స్నేహమునకై పేరిచ్చిన స్త్రీకి నేడు పేరే పోవుచున్నది.

ఇప్పు డసలు ప్రశ్నకు మా సమాధానము చెప్పుదుము. ఈ పథకములు ఎవరికి మేలు? అప్పెన్నడు చేయనందున చరిత్రయే లేనివారికి, కొత్తగా ఉద్యోగమున చేరిన ఆడపిల్లలకు, భర్త పోయిన పిదప తమ పేర మొదటిసారి లెక్క నడుపుకొను స్త్రీలకు, నెలకు అయిదువందలైనను నిజముగా మిగులువారికి ఇవి మేలు. పాత బాకీలన్నియు తీర్చి, గాయము మానుటకై కాచుకొనియున్నవారికిని మేలే. ఎవరికి కావు? బకాయి యింకను నిలిచియున్నవారికి కావు. వచ్చు నెలలోనే అప్పు కావలసినవారికి కావు. ఏలయనగా మంచి చరిత్ర నెలలతో పెరుగును గాని దినములతో పెరుగదు. ఏ పొదుపును పాత మచ్చను తుడిచివేయదు. దాని ప్రక్కన మంచి నెలలను చేర్చును, అంతియే. అప్పు సమాచారమును ఆ సంస్థలు కనీసము 7 సంవత్సరములు ఉంచవలెనని నియమము. "ముప్పది దినములలో స్కోరు బాగుచేయుదుము, ఇంత రుసుము పంపుడు" అని ఫోనుచేయువారిని గుమ్మము త్రొక్కనీయకుడు.

పథకమున చేరకముందు నాలుగు ప్రశ్నలు అడుగవలెను. ఒకటి, నేను కట్టు వాయిదాలు సమాచార సంస్థలకు తెలుపబడునా? తెలుపనిచో అది వట్టి పొదుపు. దానికి పోస్టాఫీసు చాలును. రెండు, నా సొమ్ము ఎవరి యొద్ద నుండును? బ్యాంకు డిపాజిటునకు 2020 ఫిబ్రవరి నుండి 5 లక్షల రూపాయల వఱకు బీమా కలదు. యాప్ నడుపువాడు బ్యాంకు కాడు, కావున సొమ్ము ఏ బ్యాంకులో ఎవరి పేర నుండునో కాగితముపై చూడవలెను. మూడు, అన్ని రుసుములును కలిపి కడపట నా కెంత తక్కువ వచ్చును? నాలుగు, నడుమ ఒక నెల కట్టలేకపోయినచో ఏమగును? ఈ నాలుగవ ప్రశ్నకు నవ్వి ఊరకున్నవాని యొద్ద ఒక్క రూపాయయు కట్టవలదు.

ఇక మాకు జాబు వ్రాసిన సోదరికి. అమ్మా! పప్పుడబ్బాలోని 12,000 రూపాయలను ఆ యాప్‌లో కట్టవలదు. మీ కుండకు చిల్లి యింకను ఉన్నది. నాడు అప్పిచ్చినవారు "ఇంతటితో సరి" యన్నది నిజమే గాని, తగ్గించి పుచ్చుకొన్న అప్పును చిట్టాలో "సెటిల్డు" అని వ్రాయుదురు. పూర్తిగా తీఱిన అప్పునకు వ్రాయునది "క్లోజ్డు". ఈ రెండు మాటలకు బ్యాంకువారి కన్నులలో చాల దూరము గలదు. మొదటి మాటకు అర్థము, "ఈమె ఒప్పుకొన్నంత ఈయలేదు" అని.

కావున మొదట మీ చిట్టాను తెప్పించుకొనుడు. ప్రతి సంస్థయు సంవత్సరమున కొకమాఱు పూర్తి నివేదికను ఉచితముగా ఈయవలెనని 2017 జనవరి నుండి నియమము కలదు. అమ్మాయి చేత ఫోనులో ఆయా సంస్థల సొంత వెబ్‌సైటునందే తీయించుడు. అందు మీవి కాని అప్పులున్నవా, తీర్చినది తీర్చినట్లు వ్రాసినారా యని పంక్తి పంక్తి చదువుడు. తప్పున్నచో ఫిర్యాదు చేయుడు. 30 దినములలో సరిచేయనిచో ఆపైన దినమునకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారము ఈయవలెనని 2024 ఏప్రిలు నుండి నియమము. తప్పు లేనిచో, అప్పిచ్చిన సంస్థకు జాబు వ్రాసి, నాడు తగ్గించిన మొత్త మెంతయో, అది చెల్లించినచో "క్లోజ్డు" అని మార్చుదురా యని వ్రాతమూలముగా అడుగుడు. అది మీ చేతిలోని సొమ్మునకు అందునదైనచో, ముందు వారి సమ్మతిని కాగితముపై పుచ్చుకొని, తరువాత చెల్లించి, బాకీ లేదను పత్రము తీసికొని, ఇంటి దస్తావేజులతో భద్రపఱచుడు. ఆ పిమ్మట ఒకటి రెండు నెలలకు మరల చిట్టా చూచుకొనుడు. దానికి తరువాత మీ కేమైన మిగిలినచో, చిన్న డిపాజిటుపై కార్డు తీసికొని కరెంటు బిల్లు మాత్రము కట్టుచు రండి. అప్పటికి అది మీకు మందుగా పనిచేయును.

కాని అమ్మాయి సీటు అంతవఱకు ఆగదు గదా! కావున చదువు అప్పునకు ఈ దారిపై ఆధారపడకుడు. తోడు సంతకమునకు మీకు మాఱుగా పింఛను వచ్చు మామగారినో, జీతగాడైన మేనమామనో అంగీకరింతురా యని బ్యాంకువారిని అడుగుడు. ఒక బ్యాంకు కాదన్నచో రెండవ బ్యాంకునకు పొండు; కాదన్న కారణమును కాగితముపై నిమ్మని కోరుడు. తొలిసారి అప్పడుగువారికి చరిత్ర లేదన్న ఒక్క కారణముచే దరఖాస్తును త్రోసిపుచ్చరాదని రిజర్వు బ్యాంకు సలహా నిచ్చియున్నదని 2025 ఆగస్టులో ప్రభుత్వము పార్లమెంటునందు తెలిపినది. మీ అమ్మాయి అట్టిదే. స్కోరు తక్కువ యన్న కారణముచే విద్యార్థికి విద్యాఋణము నిరాకరింపరాదని 2023 మే నెలలో కేరళ హైకోర్టు ఒక వ్యాజ్యమున చెప్పినది. ఇవి మీకు అప్పు తెచ్చి చేతిలో పెట్టవు గాని, మేనేజరుగారి యెదుట తల యెత్తి మాటలాడుటకు చాలును. తల్లి తల వంచుకొని వచ్చిన గుమ్మములోనికి బిడ్డ తల యెత్తుకొని పోవలెనని మా కోరిక.

కడపట అందఱకును ఒక్క మాట. మన యిండ్లలో సంతకము చేయునది మనము, చిట్టా చూచునది మగవారు, లేదా ఎవరును కారు. ఇకమీద ఉగాదికి పంచాంగము విన్నట్లే, ఏటి కొకమాఱు మన పరపతి చిట్టాను మనమే తెప్పించి చదువుకొందము. పెట్టెలోని నగలు లెక్కపెట్టుకొను చేతులకు ఈ లెక్క కష్టము కాదు. ఆ సోదరి అమ్మాయి కళాశాలలో చేరిన వార్త వచ్చిననాడు, వారి యనుమతితో, ఈ శీర్షికయందే మీకు తెలుపుదుము.